ఒక్క మాట చాలన్నారు

మే 4, ఆదివారం

క్షమించేశాను.

పొద్దున్న చర్చిలో, ప్రభువు బల్ల ఇచ్చే ముందు, అందరూ వింటుండగా. రాసుకుంటే మనసు తేలికపడుతుందని ఈ డైరీ బయటికి తీశాను. ఇన్సూరెన్సు ఏజెంటు జనవరిలో ఇచ్చి వెళ్ళాడు, ఇన్నాళ్ళూ ఒక్క అక్షరం రాయలేదు. రాయవలసిన సంగతులు మా ఇంట్లో ఏమున్నాయి గనక.

నిన్న సాయంత్రం ప్రకాశరావు గారు వచ్చారు. సంఘ పెద్ద. పైగా నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో మా హెడ్మాస్టరు. ఆయన ముందు నాకు ఇప్పటికీ నోరు పెగలదు. కాఫీ తాగి, గ్లాసు కింద పెట్టి, “మన శ్యామ్ బాబు రేపు నిలబడతానంటున్నాడండి టీచర్ గారూ. సంఘం ముందు తప్పు ఒప్పుకుంటాడు. తరవాత అయ్యగారు మిమ్మల్ని అడుగుతారు. మీరు ఒక్క మాట అంటే చాలండి” అన్నారు. “ఆయ్, అలాగేనండి” అన్నాను. ఈయన పక్క గదిలోనే ఉన్నారు, తలుపు కూడా వేసి లేదు. నా మొగుడు నాకు చెప్పాల్సిన కబురు ప్రకాశరావు గారు మోసుకొచ్చారు.

మా సంఘంలో ఇది చిన్నప్పటి నుంచీ చూస్తున్నదే. తప్పు చేసినవాళ్ళకి బల్ల ఆపేస్తారు. నెల మొదటి ఆదివారం అందరూ వెళ్ళి రొట్టె, ద్రాక్షరసం పుచ్చుకుంటుంటే వాళ్ళు తల దించుకుని కూర్చోవాలి. మళ్ళీ కావాలంటే అందరి ముందూ నిలబడి ఒప్పుకోవాలి, బాధపడ్డవాళ్ళు క్షమించానని కుడిచెయ్యి ఇవ్వాలి. గట్టు తగాదాలు, అన్నదమ్ముల పేచీలు ఎన్ని తెగాయో అలా. వాళ్ళు చేతులు కలపగానే మేమంతా పాట అందుకునేవాళ్ళం. ఎంత బాగుండేదో. ఆ చెయ్యి నాదవుతుందని ఎప్పుడూ అనుకోలేదు.

ఈయన నిలబడ్డారు. వేసుకున్న తెల్ల చొక్కా నేను ఇస్త్రీ చేసిందే. “నేను ఆజ్ఞ తప్పేనండి. నా భార్యకి అన్యాయం చేసేను. సంఘం నన్ను క్షమించాలి” అని ఏడ్చారు. ఆడవాళ్ళ వైపు కూడా ముక్కులు చీదారు. పాస్టరయ్యగారు నా వైపు తిరిగి, “అమ్మా ఇందిరమ్మా, క్షమించేరా?” అన్నారు. చర్చి నిండా ఉన్న కళ్ళన్నీ నా మీదే.

“క్షమించేనండి.”

చెయ్యి ఇచ్చాను. ఆయన చెయ్యి తడిగా ఉంది. వెంటనే పాట. హార్మోనియం వాయించేది ఎప్పుడూ ఈయనే కదా, గబగబా వెళ్ళి కూర్చుని తన పాట తనే వాయించుకున్నారు. ఈస్టరుకి ఆ పెట్టె మూసే ఉంది. ఆ రోజు ఈయన ముఖం చూడలేకపోయాను, ఇవాళ వెలిగిపోయింది.

మధ్యాహ్నం నలుగురైదుగురు వచ్చి వెళ్ళారు. మీ సాక్ష్యం గొప్పదండీ అని ఒకావిడ నా రెండు చేతులూ పట్టుకుంది, నాకేదో ర్యాంకు వచ్చినట్టు. ఈయన భోంచేసి పడుకున్నారు. ఎన్నాళ్ళకో గురక పెట్టారు.

నాకు ఏడుపు రాలేదు. మంచిదే.

మే 5

మామూలుగానే ఉంది. మామిడికాయ పప్పు వండాను. బాగుందన్నారు.

మే 9

ఇవాళ వంటింట్లో డబ్బాలన్నీ మార్చేశాను. పప్పులున్న చోట చింతపండు, చింతపండు ఉన్న చోట రవ్వ. పొద్దున్నే ఈయన “పంచదార ఎక్కడ పెట్టేవు ఇందిరా?” అన్నారు. వెతుక్కోండి అన్నాను. పాపం చాలాసేపు వెతికారు. చివరికి పంచదార లేకుండానే కాఫీ తాగారు.

ఎందుకు మార్చానో ఒకసారి రాసి పారేస్తాను. మళ్ళీ రాయను.

టెన్త్ పేపర్లు దిద్దడానికి రోజూ అమలాపురం వెళ్ళొస్తున్న రోజులు. ఆ రోజు మా జట్టు పేపర్లు తొందరగా అయిపోయి మధ్యాహ్నమే వదిలేశారు. ఆటో దిగి ఇంట్లోకి వచ్చేసరికి వంటింట్లో ఆ పిల్ల టీ పెడుతోంది. పాట ప్రాక్టీసుకి వచ్చిందనుకున్నాను. ఈస్టరు పాటలు నేర్చుకుంటున్నారు, దాని గొంతు బాగుంటుంది, టెన్త్ క్లాసులో నా దగ్గర చదువుకున్నప్పుడు కూడా ప్రార్థన పాట అదే పాడేది. ఈయన బనియనుతో మంచం మీద పేపరు చదువుతున్నారు. అదీ ఏమనుకోలేదు, ఏప్రిల్ ఎండ కదా అనుకున్నాను. ఆ పిల్ల నన్ను చూడలేదు. స్టవ్ మీద నుంచి కళ్ళు తిప్పకుండానే చెయ్యి చాచి, పై అరలోంచి కాఫీపొడి అని రాసున్న డబ్బా తీసి, మూత తిప్పి, పంచదార వేసింది.

ఆ డబ్బాలో పంచదార ఉంటుందని మా క్రిస్టీనాకే వచ్చినప్పుడల్లా చెప్పాలి నేను. సొంత కూతురికి.

నేనెవరికీ చెప్పలేదు. ఆ పిల్ల అత్తగారే ఎలాగో పసిగట్టి, వీధి కుళాయి దగ్గర తిట్లు ఎత్తుకుంది. మొగుడు ఫిలిప్ దోహాలో ఉన్నాడు, ఇంకెవరి మీద అరుస్తుంది. ఈస్టరుకి ఇద్దరికీ బల్ల ఆపేశారు. అంతే కథ. క్షమించేశాను కూడా.

మే 14

ముంజలు తెచ్చారు. వద్దన్నా వినకుండా ఒలిచి గిన్నెలో వేసి పెట్టారు. ఈ మధ్య సొసైటీ ఆఫీసు నుంచి వస్తూ రోజూ ఏదో ఒకటి తెస్తున్నారు. జ్వరం వదిలిన మనిషిలా ఉన్నారు, ఆకలేస్తోంది, నిద్ర పడుతోంది, కాలవలకి నీళ్ళు కట్టేశారు కదా పూడిక సరిగ్గా తీస్తున్నారా లేదా అని ఊరి సంగతులన్నీ పట్టించుకుంటున్నారు.

తింటూ తింటూ అడిగేశాను. “ఎప్పటి నుంచండి?” అని. అంతే అడిగాను.

ఆయన చెయ్యి ఆగిపోయింది. “అదంతా అయిపోయింది కదా ఇందిరా. క్షమించేనన్నావు కదా. దేవుడే మర్చిపోయేక నువ్వు తవ్వుతావేం?” అన్నారు. కోపంగా అనలేదు, నొచ్చుకుని అన్నారు. నేనేదో మాట తప్పినట్టు.

మే 15

నిన్న సారీ కూడా చెప్పాను. నేను!

మే 23

క్రిస్టీనా వైజాగ్ నుంచి వచ్చింది, హాస్టల్ సెలవులు. చర్చి వాట్సాప్ గ్రూపులో చూసి అన్నీ తెలుసుకునే వచ్చింది. వాళ్ళ నాన్నతో మాట్లాడదు. ఆయన హాల్లోకి వస్తే అది గదిలోకి పోతుంది. భోజనానికి పిలిస్తే తరవాత తింటానంటుంది.

మే 25

ఇవాళ దాన్ని తిట్టాను. నాన్నతో అలా ముఖం తిప్పుకుంటావా, నేనే క్షమించాక మధ్యలో నీకేమిటి అన్నాను. అది నన్ను చాలాసేపు చూసింది. “అమ్మా, నిజంగానే క్షమించేవా?” అంది. ఆ అన్నాను. “అయితే ఆయన పక్కన కూర్చున్నప్పుడల్లా నీ కొంగు అలా లాక్కుంటావేం?” అంది. నర్సింగు చదివిస్తే ఇదీ ఫలితం, పేషెంటును చూసినట్టు చూస్తుంది నన్ను.

బలవంతాన వాళ్ళ నాన్నకి అన్నం వడ్డించమన్నాను. వడ్డించింది. ఆయన సంతోషంగా తిన్నారు. పిల్ల మాత్రం పది రోజులుంటానని వచ్చి రేపే వెళ్ళిపోతానంటోంది.

మే 26

కొత్తపేట దాకా వెళ్ళి బస్సెక్కించాను. చెయ్యి ఊపలేదు. దాని కోపం నాన్న మీదే ఉండేది, ఇప్పుడు నా మీద కూడా. దాన్ని అలా వంచకుండా ఉండాల్సింది.

జూన్ 1, బల్ల ఆదివారం

తీసుకున్నాను. రొట్టె గొంతు దిగడానికి టైము పట్టింది. ఎండలకి నోరెండిపోతోంది.

జూన్ 8, ఆదివారం

మధ్యాహ్నం టీవీలో సినిమా వేశాడు. భర్తకి ఇంకో ఆవిడతో సంబంధం. కథ అదని తెలియగానే ఈయన రిమోట్ కోసం తడుముకోవడం మొదలెట్టారు, దిండు కింద, పేపరు కింద. రిమోట్ నా ఒళ్ళో ఉంది. ఉండనివ్వండి, బాగానే ఉందిగా అన్నాను. కూర్చున్నాం ఇద్దరం, ఆ చివర ఆయన, ఈ చివర నేను.

ఇంటర్వెల్‌కి పెళ్ళానికి తెలిసింది. ఒక పాట పొడవునా ఏడ్చింది. తరవాత వాడికి యాక్సిడెంటు, ఆస్పత్రి, రక్తం. క్లైమాక్సులో కాళ్ళ మీద పడబోతుంటే లేవదీసి గుండెలకి హత్తుకుంది. అయిపోయింది. లేవదీశాక ఇంటికెళ్ళి ఏం వండుకున్నారో చూపించలేదు. ఆ రోజు పక్క ఎలా పరుచుకున్నారో, మర్నాడు వాడి ఫోను మోగితే ఆవిడ గుండె ఎలా కొట్టుకుందో, వాడు చెప్పులేసుకుని సందు చివరి దాకా వెళ్ళినా ఎంతసేపు కిటికీలో నిలబడిందో ఏ డైరెక్టరూ తియ్యడు. తీస్తే ఎవడు చూస్తాడు.

ఈయన కళ్ళు తుడుచుకున్నారు. “బాగా తీసేడు” అన్నారు.

వంటింట్లోకి వెళ్ళి నవ్వుకున్నాను. నవ్వే అనుకుంటాను.

జూన్ 13

బడి తెరిచారు. హమ్మయ్య. స్టాఫ్ రూములో కొత్తగా ట్రాన్స్‌ఫరై వచ్చిన సైన్సు టీచరుకి నా గురించి అప్పుడే చెప్పేసినట్టున్నారు, నన్ను చూసి మరీ వినయంగా లేచి నిలబడింది. ఓపిక గల తల్లి అని పేరు పడిపోయింది నాకు. ఆ పేరుతో ఇంక ఎవరిమీదా కసురుకోవడానికి కూడా లేదు.

టెన్త్ వాళ్ళకి మొదటి రోజే లెక్క ఇచ్చాను. వెనక బెంచీ కుర్రాడొకడు ఆన్సరు సరిగ్గా రాశాడు, మధ్యలో స్టెప్పులు ఒక్కటీ లేవు. పక్కవాడిది చూసి రాశావా అన్నాను. లేదండీ, ఆన్సరు ఇదే వస్తుందని తెలుసండీ అన్నాడు. సున్నా వేశాను. వేసి చాలాసేపు ఆ నోటుబుక్కు పట్టుకుని ఉండిపోయాను. చర్చిలో అడిగితే ఇదే చెప్పాలని తెలిసి నేనూ చెప్పేశాను. తిట్టుకోవడం, ఏడవడం, కొన్నాళ్ళు మాట్లాడకపోవడం, అడిగినవాటికి ఆయన జవాబులు చెప్పడం, అవేవీ లేవు మా ఇంట్లో.

జూన్ 22

కాలవలకి నీళ్ళొచ్చాయి. ఊడ్పుల హడావిడి.

చర్చి బయట ఆడవాళ్ళు చెప్పుకుంటున్నారు. మా ఆరాధన ప్రతివారం యూట్యూబులో లైవ్ వస్తుంది కదా, గల్ఫ్‌లో ఉన్న మనవాళ్ళు చూసుకుంటారని. మే నెలలో ఆ లైవ్ తీసే ఫోను కట్టెయ్యాలని ఎవరికీ తోచలేదు. ఫిలిప్ దోహాలో డ్యూటీకి వెళ్తూ చూశాడట, ఈయన నిలబడి ఏడవడం. ఆ పిల్ల పేరు ఈయన ఎత్తలేదు. కానీ అతను వాళ్ళమ్మకి ఫోన్ చేసి ఎవరని అడిగాడు. ఆవిడ చెప్పింది. అప్పటి నుంచి పెళ్ళాంతో మాట్లాడటం లేదట.

దానికలాగే కావాలి అంది ఒకావిడ. నేను గొడుగు తీసుకుని వచ్చేశాను. అలాగే కావాలని నాకూ అనిపించింది కాసేపు. ఇంటికొచ్చేసరికి ఈయన చుక్కకూర ఏరుతూ ఈల వేస్తున్నారు. అప్పుడు అనిపించలేదు.

జూలై 6, బల్ల ఆదివారం

తీసుకున్నాను.

జూలై 10

రాత్రిళ్ళు ఆ పక్క పడుకోలేక క్రిస్టీనా గదిలో పడుకుంటున్నాను. నడుం నొప్పి, ఆ మంచం గట్టిగా ఉంటుందని చెప్పాను. ఈయన నమ్మి బామ్ తెచ్చారు. ఎంత మంచివారో!

జూలై 15

జాస్మిన్ వచ్చింది. ఇన్నాళ్ళూ ఆ పేరు రాయబుద్ధి కాలేదు. ఇవాళ రాస్తాను.

లంచ్ టైములో స్టాఫ్ రూము గుమ్మం బయట నిలబడి ఉంది, స్లేటు పట్టుకున్న పిల్లలా, లోపలికి రమ్మనే దాకా రాదు. చేతిలో బట్టల సంచి. చిక్కిపోయింది. ఎనిమిదో క్లాసు గది ఖాళీగా ఉంటే అందులోకి తీసుకెళ్ళాను. అందరూ కిటికీల్లోంచి చూస్తూనే ఉన్నారు, చూడనీ.

రాజోలు వెళ్ళిపోతోందట, వాళ్ళమ్మ దగ్గరికి. ఫిలిప్ వచ్చి తేల్చే దాకా అక్కడే ఉండాలట. పాపని అత్తగారు ఉంచేసుకుంది. రెండో క్లాసు చదువుతోంది, నా కొడుకు కూతురు ఎక్కడికీ రాదు అందట. అది చెప్పేటప్పుడు మాత్రం బోర్డు వైపు తిరిగింది. ఏడవలేదు.

“నేనూ నిలబడతానని అయ్యగారిని అడిగేనండి మేడం. మా ఆయన వచ్చేక చూద్దామన్నారు. చెయ్యి ఇచ్చేవాళ్ళుండాలి కదండీ” అంది.

ఔను, ఉండాలి. ఈయనకి ఇంట్లోనే ఉంది ఇచ్చే చెయ్యి, ఇస్త్రీ కూడా చేసి పెడుతుంది. దాని చెయ్యి దోహాలో ఉంది. ఇద్దరూ కలిసి చేసిన తప్పుకి ఒకరేమో హార్మోనియం వాయిస్తున్నారు, ఒకరు బట్టల సంచితో బస్సెక్కుతున్నారు. ఇందులో నా మాట కూడా ఉంది. నేను ఆ ఆదివారం నోరు మూసుకుని ఉంటే ఇద్దరి సంగతీ ఆగి ఉండేది, ఎవరో ఒకరు ఆలోచించేవారు.

ఎందుకు వచ్చావు అన్నాను. మీరు ఆ రోజు నన్ను తిట్టలేదండి, తిడతారేమోనని వచ్చేను అంది. తిడదామనే చూశాను. ఇంకా ఏదో చెప్పాలని ఉన్నట్టు సంచి పట్టీ మెలి తిప్పుతోంది. చెప్పు అన్నాను.

“మొదట్లోనే అడిగేనండి నేను, టీచర్ గారికి తెలిస్తే ఎలాగండీ అని. ఆయన నవ్వేరండి. ‘ఇందిరకి తెలిస్తే ఓ వారం మాట్లాడదు. తరవాత క్షమించేస్తుంది. దాని సంగతి నాకు తెలుసు’ అన్నారు. ఆ మాట విని నాకు ధైర్యం వచ్చిందండి. సిగ్గులేనిదాన్ని, మీ మంచితనం చూసుకుని నేనూ ధైర్యం తెచ్చుకున్నాను.”

గంట కొట్టారు. తిన్నావా అన్నాను. తినలేదు. క్యారేజీ విప్పి సగం పెట్టాను. ఎందుకు పెట్టానో తెలియదు, అన్నం వేళ కాబట్టి పెట్టానేమో. నన్ను క్షమించండి మేడం అని అనలేదు. అననందుకే మర్యాదగా అనిపించింది. గబగబా తిని, గిన్నె కడిగి ఇచ్చి, వెళ్ళిపోయింది.

తొమ్మిదో క్లాసులో బోర్డు మీద లెక్క వేసి, చెయ్యడం మర్చిపోయి నిలబడ్డాను.

జూలై 16

దాని సంగతి నాకు తెలుసు.

జూలై 17

దాని సంగతి నాకు తెలుసట.

జూలై 27

పన్నెండు రోజులుగా ఈయన ముఖం చూస్తున్నాను. మంచి ముఖమే. పెళ్ళయిన కొత్తలో అమలాపురం తీసుకెళ్ళి చెప్పులు కొనిపెట్టి, కరుస్తున్నాయంటే తన చెప్పులు నాకిచ్చి బస్టాండు దాకా ఉత్తి కాళ్ళతో నడిచిన మనిషి. క్రిస్టీనాకి డెంగ్యూ వచ్చినప్పుడు వారం రోజులు కుర్చీలో కూర్చున్న మనిషి. ఆ పిల్లని ముట్టుకోవడం కన్నా ఆ నవ్వు ఎక్కువ బాధగా ఉంది నాకు. తప్పు చెయ్యకముందే నా క్షమాపణ తీసి జేబులో వేసుకున్నారు. నేనొక మనిషిని ఉన్నానని, కాదంటానేమోనని, ఒక్క క్షణం కూడా భయపడలేదు.

కాదనగలనా నేను? ఎప్పుడైనా దేనికైనా అన్నానా?

ఆగస్టు 3, బల్ల ఆదివారం

మా వరస లేచింది. నేను లేవలేదు.

పక్కావిడ ఒంట్లో బాగోలేదేమోనని భుజం తట్టింది. తల అడ్డంగా ఊపాను. అందరూ వెళ్ళి మోకరించారు. బెంచీ మీద నేనొక్కదాన్నే. హార్మోనియం దగ్గర్నుంచి ఈయన చూశారు. స్వరం తప్పింది, మళ్ళీ అందుకున్నారు, మళ్ళీ తప్పింది. పాట మాత్రం ఆగలేదు, జనం పాడుకుంటూ పోయారు.

ఎవరిమీదో కోపం మనసులో ఉన్నప్పుడు బల్ల ముట్టుకోకూడదని అందరికీ తెలుసు. కాబట్టి ఎవరికీ చెప్పక్కర్లేకపోయింది.

సాయంత్రం ప్రకాశరావు గారు వచ్చారు. ఈసారి కాఫీ తాగలేదు. ఈయనా అక్కడే కూర్చున్నారు. మే నెలలో సంఘం ముందు చెయ్యి ఇచ్చారు కదండీ అన్నారాయన. నోరు పెగలదనుకున్నాను. పెగిలింది.

“ఇచ్చేనండి. అప్పుడు అబద్ధం చెప్పేను. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నానండి.”

అలా తీసుకుంటే శ్యామ్ బాబు సంగతి మళ్ళీ మొదటికి వస్తుందని, బల్ల ఆపవలసి వస్తుందని నెమ్మదిగా చెప్పారు. అది మీరు చూసుకోండి, నేను నా ఇంటి సంగతి చెబుతున్నాను అన్నాను. ఆయన చేతికర్ర అందుకుని లేచారు. వెళ్ళేటప్పుడు, “ఒక్క మాట చాలని నేనే అన్నానండి టీచర్ గారూ. తొందరపడ్డాను” అన్నారు. ఆయన నాకు ఇలాంటి మాట చెబుతారని ఊహించలేదు. గేటు దాకా వెళ్ళి సాగనంపాను.

లోపలికి రాగానే ఈయన, నా పరువేం కావాలి, ఆలోచించావా అన్నారు. జాస్మిన్ చెప్పింది చెప్పాను, ఉన్నదున్నట్టు, నవ్వుతో సహా. అబద్ధమంటారేమో, అది చాడీలు చెప్పిందంటారేమో అని చూశాను.

అనలేదు.

ఆగస్టు 4

మాటల్లేవు. అన్నం వండాను. ఆయన తినలేదు, నేను తిన్నాను.

ఆగస్టు 6

ఆయన ఆఫీసుకి వెళ్ళలేదు. నేను బడి నుంచి వచ్చేసరికి వంటింటి గుమ్మంలో నేల మీద కూర్చుని ఉన్నారు. గడ్డం గీసుకోలేదు. నేను చేతులు కడుక్కుని బియ్యం తీశాను. అప్పుడు చెప్పడం మొదలెట్టారు. నేను మేలో అడిగిందానికి జవాబు. పోయినేడు క్రిస్మస్ పాటలప్పుడు మొదలైందట. ఎలాగో, ఎన్నాళ్ళో, ఏం అనుకున్నారో, ఏం అనుకోలేదో అన్నీ చెప్పారు. కొన్ని విని ఉండకపోతే బాగుండేది. అయినా విన్నాను. స్టవ్ వెలిగించలేదు.

అన్నీ అయ్యాక తలెత్తి, “ఇందిరా, నన్ను క్షమిస్తావా?” అన్నారు.

గొంతు వణికింది. చర్చిలో ఏడ్చినప్పుడూ వణికింది గానీ అప్పుడు జవాబు తెలుసు ఆయనకి. ఇప్పుడు తెలియదు. కళ్ళు నా ముఖం మీద అటూ ఇటూ వెతుక్కుంటున్నాయి. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఈ మనిషి నన్ను నిజంగా ఒక మాట అడగడం ఇదే. నాకు ఆయన తల మీద చెయ్యి వెయ్యాలనిపించింది. నిజంగానే అనిపించింది, ఇది నా డైరీ, అబద్ధం రాసి ఎవరికి చూపించాలి.

“లేదండి” అన్నాను.

“ఎప్పటికీనా?”

“తెలియదండి. ఇప్పుడు మాత్రం లేదు. మీరు కొన్నాళ్ళు మీ అన్నయ్యగారింట్లో ఉండండి.”

ఆయన తల ఊపారు. బతిమాలలేదు. వాళ్ళుండే ముక్తేశ్వరం ఎంత దూరమని, స్కూటరు మీద అరగంట కూడా పట్టదు. బట్టలు ఆయనే సర్దుకున్నారు. ఇస్త్రీ చొక్కాలు ఎక్కడున్నాయో మాత్రం అడిగారు, చూపించాను.

ఆగస్టు 9

క్రిస్టీనాకి ఫోన్ చేసి చెప్పాను. సెలవు దొరకగానే వస్తానమ్మా అంది. మేలో నిన్ను వడ్డించమన్నాను చూడు, అలా అనకుండా ఉండాల్సింది అన్నాను. ఊరుకో అమ్మా అని అదే ఏడ్చింది.

ఆగస్టు 17, ఆదివారం

గోదారికి నీళ్ళు పెరిగాయి. ముక్తేశ్వరం రేవులో పడవలు ఆపేశారని పొద్దున్న ఆయన ఫోన్ చేసి చెప్పారు. నాకు ఆ రేవుతో పనేముంది, చెప్పడానికి ఏదో ఒకటి ఉండాలి కదా. వాళ్ళ వదినగారి చేతి కూరల్లో ఉప్పెక్కువట. అక్కడి చర్చికి వెళ్ళి ఆఖరి బెంచీలో కూర్చుంటున్నారట. జాస్మిన్ పాపని ఆదివారాలన్నా రాజోలు పంపించమని సత్తెమ్మగారిని, అదే ఆ అత్తగారిని, వెళ్ళి అడిగారట. గుమ్మం ఎక్కనివ్వలేదట. మళ్ళీ వెళ్తానన్నారు. నేను వెళ్ళమని చెప్పలేదు. తనకే తోచింది.

చివర్లో, “ఒకసారి రానా ఇందిరా?” అన్నారు. మునుపటిలా వస్తున్నానని చెప్పలేదు, అడిగారు. నేను ఏమంటానోనని అవతల ఊపిరి బిగబట్టడం వినిపించింది.

వద్దండి అన్నాను. సరే అని పెట్టేశారు.

ఫోను పట్టుకుని వరండాలో కూర్చున్నాను. నాకు ఆ మనిషంటే ఇష్టం. ఈ నెలల్లో దేవుడి గురించీ, సంఘం గురించీ, మాట గురించీ అందరూ అడిగారు గానీ ఇది ఎవరూ అడగలేదు, నన్ను నేనూ అడగలేదు. ఇలా భయపడుతూ అడిగే మనిషిని ఏదో ఒకనాటికి క్షమించగలిగేదాన్నే. కానీ నా దగ్గరున్న ఆ ఒక్క మాటా ఉత్తినే వాడేశాను, ఇప్పుడు అదే మాట నోటిదాకా వస్తే నాకే నమ్మబుద్ధి కావడం లేదు. ఆ రోజు చర్చిలో అందరి ముందూ లేదండి అని ఉంటే, ఇవాళ ఆయన రానా అన్నప్పుడు రమ్మని ఉండేదాన్ని.